షార్ట్ర్ కెథెడ్రల్: మసి కడిగిన గోడల మధ్య

పారిస్‌లోని మోంపార్నాస్ స్టేషన్‌లో రైలెక్కితే షార్ట్ర్ ఊరికి సుమారు గంట ప్రయాణం. దారి పొడవునా చదునైన పొలాలే కాబట్టి, ఊరి ఇళ్లకన్నా ముందు కెథెడ్రల్ జంట శిఖరాలే కంటబడతాయి. నేను వెళ్లింది మాత్రం లోపలి చీకటి కోసం. నల్లబడిన రాతిగోడల మధ్య నీలి అద్దాలు మాత్రమే వెలుగుతున్న పాత ఫొటోలను ఏళ్ల తరబడి చూస్తూ వచ్చాను. తీరా తలుపు దాటి అడుగుపెడితే, గోడలన్నీ లేత మీగడ రంగులో, నిన్న మొన్న కట్టినట్టు మెరుస్తున్నాయి.

నాకు ఉక్రోషం వచ్చింది. 800 ఏళ్ల కట్టడాన్ని ఇలా తోమేయాలని ఎవరికి తోచిందో అనుకున్నాను. దానికి తోడు, నేల మీద దాదాపు 13 మీటర్ల వెడల్పున పరిచిన లాబిరింత్, ఆ వలయాకారపు రాతి దారి, కుర్చీల వరుసల కింద దాగిపోయింది. ఏడాదిలో కొన్ని నెలలు, అదీ శుక్రవారాల్లోనే కుర్చీలు తీస్తారట.

1194 జూన్‌లో ఇక్కడి పాత చర్చి చాలావరకు కాలిపోయింది. మరియమ్మ ధరించినదని భక్తులు నమ్మే వస్త్రం కూడా మంటల్లో పోయిందని ఊరంతా దుఃఖిస్తుండగా, మూడో రోజున అది నేలమాళిగలో భద్రంగా దొరికిందనీ, ఇంకా గొప్ప ఆలయం కావాలని ఆ తల్లే కోరుతోందని జనం తలచారనీ చెబుతారు. ఆ ఉత్సాహమే కాబోలు, ప్రధాన నిర్మాణం పాతికేళ్లకే లేచింది. బయటి వైపు కమానుల్లాంటి రాతి ఊతాలు బరువును పంచుకోవడం వల్ల గోడల్లో అంత పెద్ద కిటికీలకు చోటు దొరికింది. ఆ కిటికీల రంగుటద్దాల అడుగు భాగాల్లోని బొమ్మల్లో రొట్టెలు చేసేవారు, చెప్పులు కుట్టేవారు, వడ్రంగులు తమ తమ పనుల్లో ఉంటారు. నేను ఎక్కువసేపు నిలబడింది వారి ముందే.

2009 ప్రాంతంలో మొదలైన పునరుద్ధరణలో శతాబ్దాల కొవ్వొత్తుల పొగనూ మసినీ తొలగించగా, అడుగున 13వ శతాబ్దపు లేత పసుపు పూత, రాళ్ల అతుకుల్లా కనిపించడానికి దాని మీద గీసిన తెల్లని గీతలు బయటపడ్డాయి. మన పాత శివాలయాల్లో నూనెదీపాల మసి పట్టిన గోడను చూసినప్పుడు అదే ప్రాచీనత అని నేను అనుకునేవాడిని. ఇక్కడ కట్టినవారు కోరుకున్నది వెలుగును. గోడల కాంతి వల్ల అద్దాల నీలం పలచబడిందని విమర్శకులు అన్నారు గానీ, మధ్యాహ్నం దాకా కూర్చున్నాక నాకు అలా అనిపించలేదు. పాత ఫొటోల్లో చీకటి మింగేసిన, దాదాపు 37 మీటర్ల ఎత్తున కలుసుకునే కమానులు ఇప్పుడు ఒక్కొక్కటీ స్పష్టంగా కనిపించాయి.

ఒక్క విషయంలో మాత్రం నా మనసు ఒప్పుకోలేదు. స్తంభం మీది మరియమ్మ కొయ్య విగ్రహాన్ని యాత్రికులు తరతరాలుగా నల్లని తల్లిగా కొలిచారు. పునరుద్ధరణలో ఆమె ముఖం తెల్లబడింది. పక్కన కొవ్వొత్తి వెలిగిస్తున్న ఒక వృద్ధురాలికి నా ఫోన్‌లోని పాత ఫొటో చూపించాను. తన తల్లీ తానూ మొక్కుకున్నది ఆ నల్లని ముఖానికేనని ఆమె వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. గోడల మసిని ఎవరూ పూజించలేదు, ఈ నలుపును పూజించారు. దాన్ని అలాగే ఉంచవలసింది.