ఫ్లోరెన్స్‌లో అకిలీస్ చుట్టూ ప్రదక్షిణ

ఫ్లోరెన్స్ వెళ్లినవాళ్లంతా మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహం కోసం అకాడెమియా మ్యూజియం ముందు బారులు తీరతారు. మేమూ తీరాం. అక్కడికి దగ్గర్లోనే సాంతిస్సిమా అనుంజియాతా కూడలిలో పురావస్తు మ్యూజియం ఉంది. అక్కడ క్యూ లేదు, తోపులాటా లేదు. నేనూ అక్కా వెళ్లింది ‘ఫ్రాంస్వా వాజ్’ కోసం.

క్రీ.పూ. 570 ప్రాంతంలో ఏథెన్స్‌లో చేసిన మట్టిపాత్ర ఇది. విందుల్లో ద్రాక్షసారాలో నీళ్లు కలపడానికి ఇలాంటివి వాడేవారు. ఎత్తు 66 సెంటీమీటర్లు. పాత్ర చేసినవాడు ఎర్గోటిమోస్, బొమ్మలు గీసినవాడు క్లీటియస్. ఇద్దరూ దాని మీదే సంతకాలు చేశారు. చుట్టూ వరసలు వరసలుగా దాదాపు 270 బొమ్మలు. ఒకచోట నిలబడితే సగం కథే కనబడుతుంది. మిగతాది చూడాలంటే గుళ్లో తిరిగినట్టు చుట్టూ తిరగాల్సిందే.

నేను ఎక్కువసేపు ఆగిపోయింది రథాల పందెం దగ్గర. ట్రాయ్ యుద్ధంలో స్నేహితుడు పాట్రోక్లస్ చనిపోయాక అతని గౌరవార్థం గ్రీకు వీరుడు అకిలీస్ పెట్టించిన పందెం అది. అయిదు రథాలు, ఒక్కోదానికి నాలుగు గుర్రాలు. సారథులు పొడవాటి అంగీలు తొడుక్కుని ముందుకు వంగి ఉంటారు. గుర్రాల కాళ్ల కింద గెలిచినవాళ్లకిచ్చే పాత్రలు. ప్రతి సారథి పక్కనా పేరు రాసుంది. ముందున్నది ఒడిస్సియస్! ఆ యుద్ధం మీద గ్రీకు కవి హోమర్ చెప్పిన ఇలియడ్ కావ్యంలోనేమో ఈ పందెం గెలిచేది డయోమిడీస్ అనే ఇంకో వీరుడు, ఒడిస్సియస్ అసలు రథమే ఎక్కడు. క్లీటియస్ విన్న కథ వేరేమో, లేక తనకు నచ్చినవాణ్ని గెలిపించుకున్నాడేమో. ఏదేమైనా గుర్రాలను మాత్రం దేవుళ్లకంటే శ్రద్ధగా గీశాడనిపించింది. నల్లటి ఒంటి మీద సూదిమొనతో గీరినట్టు సన్నటి గీతల్లో జూలు, కళ్లేలు. ఆ నలుపు రంగు కాదు, పల్చగా కలిపిన మెత్తటి బంకమట్టి. బట్టీలో పొగ కమ్మేలా గాలి రాకుండా మూసి కాలిస్తే అలా నల్లబడుతుంది.

అదేవైపు ఇంకా కింద అకిలీస్ ట్రాయ్ రాకుమారుడు ట్రోయిలస్‌ని తరుముతున్నాడు. ట్రోయిలస్ గుర్రం మీద పారిపోతుంటే ముందు అతని సోదరి పాలిక్సినా పరిగెడుతోంది. “ఒరేయ్, కింద ఆ బిందె చూడు” అంది అక్క. నిజమే, నీళ్లకొచ్చిన పిల్ల కంగారులో వదిలేసిన బిందె గుర్రం కాళ్ల కింద పడి ఉంది. యుద్ధం భయాన్ని చూపించడానికి ఆ బిందె చాలు.

అకిలీస్ తల్లిదండ్రులు పీలియస్, థెటిస్‌ల పెళ్లి అన్నిటికంటే పెద్ద వరసలో ఉంది. పాత్ర పిడుల మీదేమో, చచ్చిపోయిన అకిలీస్‌ని తోటి వీరుడు ఎజాక్స్ భుజాన వేసుకుని మోస్తున్నాడు. అంటే అతను పుట్టకముందు జరిగిన పెళ్లి నుంచి అతని శవం దాకా ఒకే పాత్ర మీద!

దీన్ని అలెస్సాండ్రో ఫ్రాంస్వా 1844లో ఇటలీలోని క్యూసి ఊరి దగ్గర ఒక ఎట్రుస్కన్ (అక్కడి ప్రాచీన జాతి) సమాధి తవ్వకాల్లో ముక్కలుగా కనుక్కున్నాడు. అతికించి మ్యూజియంలో పెడితే 1900లో ఓ కాపలాదారు కోపంలో స్టూలు విసిరి 638 ముక్కలు చేశాడు. పియెత్రో జేయి అనే ఆయన ఓపిగ్గా మళ్లీ నిలబెట్టాడు. 1973లో ఇంకోసారి సరిచేశారు. అతుకులు, ఖాళీలు ఇప్పటికీ తెలుస్తాయి. నాకైతే అవేమీ అడ్డమనిపించలేదు.

వెళ్లేవాళ్లు వంగి పాత్ర పాదం కూడా చూడండి. అక్కడ మరుగుజ్జులు మేకలెక్కి కొంగలతో యుద్ధం చేస్తుంటారు. పైన అంతమంది వీరుల్ని పెట్టి కింద ఈ వేళాకోళం ఎందుకో క్లీటియస్‌నే అడగాలి. అక్క ఫోన్‌లో మాత్రం అకిలీస్ కంటే మేకల ఫొటోలే ఎక్కువున్నాయి.