రెండు పళ్ళకు ఫిల్లింగ్, ఒకటే బిల్లు

"ఒక్కో పంటికి 150 పౌండ్లు" అని ప్రైవేటు క్లినిక్‌లో చెప్పగానే మా ఆయన మొహం చూడాలి! నాకు పుచ్చినవేమో రెండు.

ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య సేవ) లెక్క వేరు. ఫిల్లింగ్, రూట్ కెనాల్, పన్ను పీకడం అన్నీ బ్యాండ్ 2 అనే ఒకే ఛార్జీ కిందికే వస్తాయి. 2025 ఏప్రిల్‌లో అది 75.30 పౌండ్లు అయింది. ఒకే విడత చికిత్సలో ఎన్ని పళ్ళకు ఫిల్లింగ్ వేసినా అంతే, చెకప్, ఎక్స్‌రే కూడా అందులోనే. గర్భిణులకు, బిడ్డ పుట్టి ఏడాది నిండని తల్లులకు అదీ ఉండదు.

కాకపోతే దవడ పళ్ళకు కేవలం అందం కోసం తెల్ల ఫిల్లింగ్ కావాలంటే ప్రైవేటు రేటే. నేను వెండి రంగుదే వేయించుకున్నాను. వెనక పన్ను ఎవరు చూస్తారండీ?

అసలు టెన్షన్ కొత్త పేషెంట్లను తీసుకునే ఎన్‌హెచ్‌ఎస్ డెంటిస్టు దొరకడమే. మా వదిన ఇంకా ఫోన్లు చేస్తూనే ఉంది.