ఆ పట్టికలో లేని వరుస

నిన్న ఓపీలో ఒకమ్మాయి నోట్‌బుక్ తెరిచి నా ముందు పెట్టింది. స్కేలు పెట్టి నీటుగా గళ్లు గీసుకుంది. పైన ఆర్‌ఎఫ్‌ఏ, మైక్రోవేవ్, క్రయో అని లివర్ గడ్డకు చేసే మూడు చికిత్సల పేర్లు, పక్కన నొప్పి, టైము, మళ్లీ వచ్చే అవకాశం అని మూడు వరుసలు. గళ్లన్నీ ఖాళీ. "మీరు మార్కులు వేసేయండి మేడమ్. దేనికి ఎక్కువ వస్తే నాన్నకి అదే చేయిద్దాం" అంది. రాత్రి నిద్రపోలేదని ఆ కళ్లే చెబుతున్నాయి.

పెన్ను తీసుకున్నాను కానీ ఒక్క గడి కూడా నింపలేకపోయాను. ఎందుకంటే నేను అన్నిటికంటే ముందు చూసే వరుస ఆ పట్టికలో లేదు. గడ్డ ఎక్కడుంది, దాని పక్కన ఏముంది అన్నదే ఆ వరుస. లివర్ గడ్డలకు అబ్లేషన్ చేయడమే నా పని. ఆ అమ్మాయికి ఓపీ హడావిడిలో ముక్కలుముక్కలుగా చెప్పింది ఇక్కడ నింపాదిగా రాస్తున్నాను.

అబ్లేషన్ అంటే గడ్డను కోసి తీయడం కాదు. అల్ట్రాసౌండ్‌లోనో సీటీలోనో చూసుకుంటూ, చర్మం మీదుగా సన్నటి సూదిని గడ్డలోకి పంపి, ఉన్నచోటే దాన్ని చంపేయడం. లివర్‌లో పుట్టిన క్యాన్సర్‌కైతే ఒకే గడ్డ, లేదా 3 సెంటీమీటర్లు దాటని గడ్డలు మూడు వరకూ ఉన్నప్పుడు దీని ఫలితం బాగుంటుంది. సిర్రోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడే జబ్బు) ఉన్నవాళ్లలో లివర్ ముక్క కోసి తీస్తే మిగిలిన భాగం తట్టుకోలేకపోవచ్చు. అలాంటివాళ్లకు ఇది పెద్ద ఆసరా.

ఆర్‌ఎఫ్‌ఏలో సూది కొన నుంచి రేడియో ఫ్రీక్వెన్సీ కరెంటు వెళ్తుంది. అది సెకనుకు లక్షలసార్లు దిశ మార్చుకుంటుంటే కణాల్లోని అయాన్లు అటూ ఇటూ ఊగి, ఆ రాపిడికి వేడి పుడుతుంది. 60 డిగ్రీలు దాటితే కణాలు వెంటనే చచ్చిపోతాయి. అలాగని ఇంకా ఇంకా పెంచేయలేం. 100 దాటితే సూది చుట్టూ కణజాలం మాడిపోయి, నీరు ఆవిరై, కరెంటు ముందుకు పోయే దారే మూసుకుపోతుంది. కాబట్టి ఓపిగ్గా చేయాలి. కరెంటు తిరిగి బయటికి పోవడానికి రెండు తొడలకీ ప్యాడ్లు అంటిస్తాం.

దీని హద్దు ఎక్కడో నాకు నేర్పింది ఒక పెద్దాయన. చాలా ఏళ్లయింది. 2.2 సెంటీమీటర్ల గడ్డ, కాలేయ సిరను దాదాపు ఆనుకుని ఉంది. ఆర్‌ఎఫ్‌ఏ చేశాను. నెలకు తీసిన సీటీలో గడ్డ ఉన్నచోట నల్లటి మచ్చ శుభ్రంగా కనిపించింది, ఇంటిల్లిపాదీ సంతోషించారు. నాలుగో నెల సీటీలో ఆ మచ్చ అంచున, సరిగ్గా సిర ఉన్న వైపునే, నెలవంకలా ఒక సన్నని తెల్లటి మెరుపు. మిగతా చుట్టూ ఏమీ లేదు. సిరలో నిరంతరం పారే రక్తం 37 డిగ్రీల దగ్గరే ఉంటుంది. నేను పెట్టిన వేడిని అది వచ్చింది వచ్చినట్టే మోసుకుపోయింది. గడ్డలో ఆ పక్క కణాలు చావాల్సినంత వేడెక్కలేదు. దీన్ని హీట్ సింక్ అంటాం. 3 మిల్లీమీటర్ల కంటే వెడల్పైన రక్తనాళం పక్కనుంటే జాగ్రత్తపడాలని చదువుకున్నదే. చదివినా, ఆ రోజు సరిపోతుందనే అనుకున్నాను. "ఇది ముందే తెలియదా అమ్మా?" అని ఆయన అడిగారు. తెలుసనే చెప్పాను.

రెండోసారి ఆయనకు మైక్రోవేవ్ చేశాం. ఇందులో కరెంటు ఒళ్లంతా తిరగదు. యాంటెనా నుంచి వచ్చే తరంగాలు (915 లేదా 2,450 మెగాహెర్ట్జ్) కణజాలంలోని నీటి అణువులను గిరగిరా తిప్పి వేడి పుట్టిస్తాయి. మాడిపోయినా తరంగం ఆగదు కాబట్టి వేడి 100 దాటి పైకి పోతుంది, తక్కువ టైములో ఎక్కువ మేర కాలుతుంది, పక్కన పారే రక్తం దాన్ని అంత తేలిగ్గా చల్లార్చలేదు. ప్యాడ్లతో పనిలేదు. అల్ట్రాసౌండ్‌లో చూస్తుంటే సూది కొన దగ్గర ముందు ఒక తెల్ల చుక్క, తర్వాత బుడగల మబ్బు, ఒకటి రెండు నిమిషాల్లో ఆ మబ్బు గడ్డను పూర్తిగా కమ్మేస్తుంది. ఆ మబ్బు వెనక ఏం జరుగుతోందో అల్ట్రాసౌండ్‌లో కనబడదు. అందుకే సూది ఎక్కడ పెట్టాలో దాన్ని వెలిగించకముందే తేల్చుకోవాలి.

అయితే మైక్రోవేవే గొప్పదా? 2018లో వచ్చిన ఒక ట్రయల్‌లో 4 సెంటీమీటర్ల వరకూ ఉన్న గడ్డలకు రెండు పద్ధతులనూ పోల్చారు. రెండేళ్లకు అదే చోట మళ్లీ పెరిగినవి మైక్రోవేవ్‌లో 6 శాతం, ఆర్‌ఎఫ్‌ఏలో 12 శాతం. వినడానికి సగానికి సగం తేడా. కానీ లెక్కల ప్రకారం అది కచ్చితమైన తేడా అని చెప్పడానికి సరిపోలేదు. నా మటుకు నేను ఇప్పుడు ఎక్కువగా మైక్రోవేవే వాడుతున్నాను. కానీ పెద్ద రక్తనాళాలకు దూరంగా 2 సెంటీమీటర్ల లోపు గడ్డ ఉంటే, చేయి తిరిగినవాళ్లు ఆర్‌ఎఫ్‌ఏ చేస్తామన్నా నిశ్చింతగా ఒప్పుకోండి. పైగా మైక్రోవేవ్‌కున్న ఆ బలమే లివర్ మధ్యలో, పెద్ద పిత్తనాళాల దగ్గర ప్రమాదం. నాళం కాలితే తర్వాత మూసుకుపోయి ఏళ్ల తరబడి బాధపెడుతుంది.

ఏ సూదైనా ఒక లెక్క మాత్రం మారదు. గడ్డ చుట్టూ అన్ని వైపులా కనీసం 5 మిల్లీమీటర్ల మంచి లివర్ కూడా కాలాలి. 2 సెంటీమీటర్ల గడ్డకు 3 సెంటీమీటర్లు కాల్చాలి. పెద్దాయన విషయంలో నేను తప్పింది సరిగ్గా ఇక్కడే.

క్రయోలో కాల్చం, చలితో మంచులా గడ్డకట్టిస్తాం. ఒత్తిడిలో ఉన్న ఆర్గాన్ వాయువు సూది కొన దగ్గర ఒక్కసారిగా వ్యాకోచించి చల్లబడుతుంది. గడ్డకట్టించి, కరగనిచ్చి, మళ్లీ గడ్డకట్టిస్తాం. సీటీలో మంచు ముద్ద అంచు గీత గీసినట్టు కనిపిస్తుంది, నొప్పి కూడా తక్కువ. కానీ ఆ అంచు దగ్గర ఉండేది సున్నా డిగ్రీలు. కణాలు నమ్మకంగా చావాలంటే మైనస్ 20 నుంచి 40 వరకూ పోవాలి, అది కాస్త లోపల ఉంటుంది. అంచు గడ్డను తాకింది కదా అని ఆపేస్తే మిగిలిపోతుంది. వేడిలో రక్తనాళాలు మూసుకుపోయినట్టు చలిలో మూసుకోవు కాబట్టి, ప్లేట్‌లెట్లు తక్కువగా ఉండే సిర్రోసిస్ రోగుల్లో రక్తస్రావం గురించి నాకు ఎప్పుడూ టెన్షనే.

వీటన్నిటికీ ముందు వచ్చింది ఆల్కహాల్ ఇంజెక్షన్. ఇప్పుడు దాని అవసరం తక్కువే అయినా, సూది వేడి పెట్టడానికి వీల్లేని చోట చిన్న గడ్డకు ఇంకా పనికొస్తుంది. ఐఆర్‌ఈ (ఇర్రివర్సిబుల్ ఎలక్ట్రోపొరేషన్) అనే ఇంకో పద్ధతిలో వేడితో చంపం, 3,000 వోల్టుల వరకూ ఉండే, అతి తక్కువసేపు తగిలే కరెంటు దెబ్బలతో కణాల పొరకు చిల్లులు పొడుస్తాం. రక్తనాళాల, పిత్తనాళాల గోడలు చాలావరకు నిలబడతాయి. దానికి పూర్తి మత్తు, కండరాలు కదలకుండా మందు, గుండె కొట్టుకునే లయతో కలిపి దెబ్బలు వేయడం, అన్నీ కావాలి. సూదే లేకుండా అల్ట్రాసౌండ్ తరంగాలతో గడ్డను ఛిద్రం చేసే హిస్టోట్రిప్సీకి అమెరికాలో 2023లో అనుమతి వచ్చింది. దాని దీర్ఘకాల ఫలితాల కోసం నేనూ ఎదురుచూస్తున్నాను.

ఇక ఆ అమ్మాయి వాళ్ల నాన్న సంగతి. 2.4 సెంటీమీటర్ల గడ్డ, లివర్ కింది అంచున, పెద్దపేగును దాదాపు ఆనుకుని ఉంది. పేగు కాలితే చిల్లు పడుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. ఆయనకు పేస్‌మేకర్ కూడా ఉంది. ఒంట్లో కరెంటు తిరిగే ఆర్‌ఎఫ్‌ఏ అక్కడే పక్కకు పోయింది. సీటీ స్క్రీన్ మీద పేగుకూ గడ్డకూ మధ్య కొలిచి చూపించాను, 3 మిల్లీమీటర్లు. ముందు ఒక సన్న సూదితో ఆ సందులోకి డెక్స్‌ట్రోజ్ నీళ్లు పంపి పేగును పక్కకు జరుపుతాం, ఆ తర్వాతే మైక్రోవేవ్ సూది అని చెప్పాను. చేశాక రెండు మూడు రోజులు కొద్దిపాటి జ్వరం, ఒళ్లునొప్పులు ఉంటాయి, భయపడొద్దు. జ్వరం తగ్గకపోయినా, చలితో వణుకు వచ్చినా మాత్రం వెంటనే ఫోన్ చేయాలి. నెలకు ఒక సీటీ, ఆపైన మూడు నెలలకోసారి.

ఆ అమ్మాయి నా పెన్నే తీసుకుని, ఖాళీ గళ్ల కింద "పేగు దూరం 3 మి.మీ., పేస్‌మేకర్, నీళ్లు" అని రాసుకుంది. మంగళవారం పొద్దున ఆయన్ని అడ్మిట్ చేస్తున్నాం.