ఊయల కట్టడం రానివాడి అమెజాన్ ప్రయాణం

మొన్ననే తిరిగొచ్చాను. నడుము ఇంకా పట్టేసే ఉంది. ఆ కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

బ్రెజిల్ వీసా పెద్ద కష్టం కాలేదు. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి, వేయించుకున్నాను. దానికిచ్చే కార్డు జీవితాంతం చెల్లుతుంది. తిరిగి ఇండియాలో దిగేటప్పుడు అది చేతిలో లేకపోతే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు కాబట్టి పాస్‌పోర్టుతో పాటే ఉంచుకోండి.

అమెజాన్ అడవి మధ్యలో ఉన్న మనౌస్ నగరం నుంచి నేను వెళ్లాల్సిన తెఫే ఊరికి రోడ్డు లేదు. విమానం వద్దనుకుంటే అమెజాన్‌కి ఎదురెక్కే పడవే గతి. పడవలో మంచాలు కొన్నే, జనమంతా డెక్ మీద ఎవరి ఊయల వాళ్లు కట్టుకుని పడుకుంటారు. ఊయలని పోర్చుగీసులో rede అని రాస్తారు. కొనడానికి వెళ్లి, రాసి ఉన్నట్టే "రెడె" అని అడిగాను. షాపులో ఒక్కరికీ అర్థం కాలేదు. చివరికి చేతులు చాచి, కళ్లు మూసి, ఊగి చూపించాను. "ఆ, హెజీ!" అన్నాడు. ఆర్‌తో రాసి హ అని పలకడమేమిటో నాకిప్పటికీ తెలియదు.

టికెట్ అమ్మినవాడు "సాయంత్రం రండి, బోలెడు చోటు" అన్నాడు. వాడి మాట నమ్మడమే నేను చేసిన తప్పు. నేను ఎక్కేసరికి డెక్ అంతా రంగురంగుల ఊయలలే, గబ్బిలాల్లా వేలాడుతున్నాయి. మిగిలింది టాయిలెట్ పక్కన మూరెడు సందు. మీరు మాత్రం పొద్దున్నే వెళ్లి, ఇంజనుకీ టాయిలెట్‌కీ దూరంగా చోటు పట్టుకోండి.

చిన్నప్పుడు గేదెల్ని కట్టేసిన చేతులివి, ముడి వేయడం నాకొక లెక్కా అనుకున్నాను. నల్లటి రియో నీగ్రో నది, మట్టిరంగు సొలిమోయెస్ (అక్కడ అమెజాన్‌ని అలాగే పిలుస్తారు) దాదాపు 6 కిలోమీటర్లు కలవకుండా పక్కపక్కనే పారే చోటు దాటుతుంటే అందరూ కమ్మీల దగ్గరికి పరిగెత్తారు. నేను మాత్రం పైన ఇనపకడ్డీకి తాడు చుడుతూ నిలబడ్డాను. ప్రపంచమంతా చూడటానికొచ్చే దృశ్యం నా వీపు వెనక జరిగిపోయింది.

రాత్రి ఒంటిగంటకి తల వైపు ముడి జారింది. కింద ఒక పెద్దావిడ కర్రపెండలం పిండి బస్తా పెట్టుకుంది. దాని మీదే పడ్డాను. బస్తా పగిలి పసుపచ్చటి రవ్వ నా జుట్టులో, చొక్కాలో, చెవుల్లో. ముందు ఎవరో కిసుక్కున నవ్వారు, తర్వాత డెక్ మొత్తం. పెద్దావిడ మాత్రం నవ్వలేదు. దోసిళ్లతో రవ్వ ఎత్తుతూ నా వైపు చూసిన చూపుంది చూశారూ, మా లెక్కల మాస్టారు గుర్తొచ్చారు. బస్తా ఖరీదు ఇవ్వబోతే చెయ్యి అడ్డంగా ఊపింది.

ఆవిడ మనవరాలికి ఎనిమిదేళ్లుంటాయి. నా చేతిలోంచి తాడు లాక్కుని, కడ్డీకి రెండు చుట్లు చుట్టి, వేలాడే తాడు వెనకనుంచి తెచ్చి, కొసని మడతపెట్టి ఉచ్చులోకి దూర్చింది. బరువు పడేకొద్దీ బిగుస్తుంది, కొస పట్టి లాగితే ఊడొస్తుంది. నాచేత నాలుగుసార్లు కట్టించి, మూడుసార్లు తల అడ్డంగా ఊపింది. నిలువుగా కాదు, ఐమూలగా పడుకుంటే వీపు చదునుగా ఉంటుందని కూడా తనే చూపించింది. ఇంటర్నెట్‌లో పది వీడియోలు చూసి వెళ్లాను, ఒక్కడూ ఇది చెప్పలేదు.

ఇక జంతువులు. పెద్ద పడవ మీంచి అడవి చూడొచ్చనుకుంటే ఆశ వదులుకోండి. ఎదురెక్కే పడవ ప్రవాహం తక్కువగా ఉండే ఒడ్డు పట్టుకుని పోతుంది కాబట్టి చెట్లయినా కనిపిస్తాయి. తిరుగుప్రయాణంలో నది మధ్యనుంచి వస్తుంది, అప్పుడు అంతా నీళ్లే.

అసలు సంగతి తెఫే దాటాక, మమిరావా రిజర్వులో ఉంది. అక్కడ ఏటా నీటిమట్టం 10 మీటర్లకు పైగా పెరుగుతుంది. మే నెలలో వెళ్లాను, చిన్న పడవ చెట్ల కొమ్మల మధ్య నుంచే పోయింది. గైడు తెడ్డు ఆపి వేలు చూపించాడు. కొమ్మ మీద తెల్లటి బొచ్చు, బట్టతల, ఎర్రగా కందిన ముఖం: ఉకారి కోతి. ఎండకి కమిలిన తెల్లవాడిలా ఉంటుందని అక్కడివాళ్లు దాన్ని "ఇంగ్లీషు కోతి" అంటారట. చెట్ల మొదళ్ల మధ్య గులాబీ డాల్ఫిన్ బుస్సుమని ఊపిరి వదిలి మునిగింది. దాని మెడ ఎముకలు కలిసిపోయి ఉండవు, తల పక్కకి తిప్పుతుంది, అందుకే అంత ఇరుకులోనూ ఈదగలదు. ఫోను తీసేలోపు వెళ్లిపోయింది.

తిరుగు పడవలో ముడి నేనే కట్టాను, నిలిచింది. విమానాశ్రయంలో అధికారి టీకా కార్డు తీసుకుని, తిరగేసి, ముద్ర చూసి ఇచ్చేశాడు. అట్ట మడతలోంచి కొంచెం పసుపచ్చటి రవ్వ ఆయన బల్ల మీద రాలింది.