క్లిప్పులు ముందు ఎవరికి?

మా ఇంట్లో పళ్ల పంచాయితీ ఎప్పుడూ మా ఆడబిడ్డ కూతురి గురించే. పదమూడేళ్ల పిల్ల, పై పళ్లు ముందుకొచ్చాయి. "రేపు పెండ్లిచూపులకు ఎట్ల కూసోబెట్టాలె?" అని మా అత్తమ్మకు ఇప్పటినుంచే టెన్షన్. ఎనిమిదేళ్ల మా బాబుది మాత్రం ఎవరికీ లెక్కలో లేదు. వాడు నోరు మూస్తే పైన ఒక ముందు పన్ను కింది పన్ను వెనక్కి పోతుంది. "పాలపళ్లన్నీ ఊడినంక అదే సర్దుకుంటది" అన్నారు.

నల్లగొండలో డాక్టరమ్మ ఇద్దరినీ చూసి ముందు బాబుకే చేయాలంది. మామూలుగా పై పళ్లు కింది వాటికంటే 2, 3 మిల్లీమీటర్లు ముందుండాలి. బాబుకు ఆ ఒక్క పన్ను దగ్గర అది తిరగబడింది. దీన్ని క్రాస్ బైట్ అంటారట. కొరికినప్పుడల్లా వెనక నుంచి నెట్టుడే కాబట్టి కింది పన్ను చిగురు కిందికి జారుతుంది, అంచులు అరుగుతాయి. ఆ పన్ను తగలకుండా కొందరు పిల్లలు దవడను ముందుకు జరిపి కొరకడం అలవాటు చేసుకుంటారు. దానంతట అది సర్దుకోదు, కింది పన్నే అడ్డం కదా! వాడికి చోటు ఉంది కనుక పన్నును ముందుకు నెట్టే చిన్న స్ప్రింగు ఉన్న, నోట్లో పెట్టుకునే ప్లేటు సరిపోతుంది.

పాపకు పక్కనుంచి ఎక్స్‌రే తీశారు. దవడలు సరిగ్గానే ఉన్నాయి, వాలింది పళ్లే. కొన్ని నెలలు ఆగినా నష్టం లేదు గానీ, ఆటల్లో బోర్లా పడితే ముందు విరిగేవి అవే, జాగ్రత్త అంది.

తర్వాత, చిన్నప్పుడు పాప ఏ నీళ్లు తాగిందని అడిగింది. మా జిల్లాలో ఈ మాట అడగకుండా క్లిప్పులు వేసే డాక్టర్‌ను నేనైతే నమ్మను. మా ఆయనది మర్రిగూడ వైపు. బోరు నీళ్ల ఫ్లోరైడ్ ఆయన పళ్ల మీద గోధుమ రంగు చారలై నిలిచిపోయింది. చారలకూ వంకరకూ సంబంధం లేదు. కానీ అలాంటి పన్ను మీద క్లిప్పు జిగురు గట్టిగా పట్టదు, మాటిమాటికీ ఊడొస్తుంది. పాప టౌన్లో కృష్ణా నీళ్లతో పెరిగింది, ఆ బాధ లేదు.

క్లిప్పులు తీశాక కూడా పళ్లు కదలకుండా పట్టి ఉంచే రిటైనర్ పెట్టుకోవాలట, లేకుంటే పళ్లు పాత చోటుకే జరుగుతాయి. ఆ ఖర్చు కూడా ఇప్పుడే అడిగి పెట్టుకున్నాం.

బాబు ప్లేటుకు కొలత ఇచ్చి వచ్చాం. పాపకు దసరా సెలవుల్లో మొదలుపెడతారు. "మగపిలగానికి ముందేందే?" అని అత్తమ్మ ఇంకా గునుస్తూనే ఉంది.