మాస్టొడాన్‌లో మీ పోస్టు వెతికితే ఎందుకు దొరకదు?

మాస్టొడాన్ అనే సోషల్ నెట్‌వర్క్‌లో అన్నీ ఒకచోట దాచే కేంద్ర సర్వర్ లేదు, వేర్వేరు సర్వర్లు కలిసి నడుస్తాయి. మీ సర్వర్ నుంచి పోస్టు ముఖ్యంగా మిమ్మల్ని అనుసరించేవాళ్లున్న సర్వర్లకే వెళ్తుంది. అక్కడికి చేరని పోస్టు ఆ సర్వర్‌లో వెతికినా దొరకదు. కొత్త ఖాతాల పోస్టులు ఎవరికీ కనిపించకపోవడానికి అసలు కారణం ఇదే, రాతలో లోపం కాదు.

ముందు ప్రొఫైల్ సెట్టింగుల్లో ప్రైవసీ అండ్ రీచ్ తెరవండి. పబ్లిక్ పోస్టులను సెర్చ్‌లో చూపించే ఆప్షన్ అక్కడుంటుంది. 2023లో వచ్చిన 4.2 వెర్షన్‌తో ఇది మొదలైంది. మీరు టిక్ పెడితేనే పనిచేస్తుంది. అవతలి సర్వర్‌లో ఎలాస్టిక్‌సెర్చ్ అనే సెర్చ్ సాఫ్ట్‌వేర్ లేకపోతే టిక్ పెట్టినా మాటలతో వెతకడం కుదరదు.

అందుకే నా ఓటు హ్యాష్‌ట్యాగ్‌కే. దానికి ఎలాస్టిక్‌సెర్చ్ అక్కర్లేదు, పైగా జనం ట్యాగులనే ఫాలో అవ్వొచ్చు. రెండు మూడు చాలు: ఒకటి విస్తృతమైనది, ఒకటి కచ్చితమైనది. #పక్షుల ఫొటోలు అని రాస్తే ఖాళీ దగ్గరే ట్యాగు తెగి #పక్షుల మాత్రమే మిగులుతుంది. హైఫన్ పెట్టినా అంతే. #పక్షుల_ఫొటోలు అని అండర్‌స్కోర్‌తో కలపండి. బొత్తిగా అంకెలే ఉన్న ట్యాగు పనిచేయదు.

చాలామంది పొరపడేది విజిబిలిటీ దగ్గర, అంటే పోస్టు ఎవరికి కనిపించాలో ఎంచుకునే చోట. అన్‌లిస్టెడ్‌గా (కొత్త వెర్షన్లలో దీని పేరు క్వైట్ పబ్లిక్) పెట్టిన పోస్టు ఎవరైనా చదవగలరు, కానీ ఎన్ని ట్యాగులున్నా ట్యాగు పేజీలోకి రాదు. పబ్లిక్ అని ఉందో లేదో పంపేముందే చూసుకోండి, ఎందుకంటే తర్వాత ఎడిట్ చేసినా ఇది మారదు.

ఏదైనా ఒక పోస్టు మీ సర్వర్‌లో కనిపించకపోతే, దాని పూర్తి లింకును సెర్చ్ పెట్టెలో అతికించండి. సర్వర్ వెళ్లి తెచ్చుకుంటుంది.