ఎలుక కాపలా ఉన్న మ్యూజియం

బట్టలు ఉతికి ఆరేసేసరికి పదకొండయింది. షెఫీల్డ్‌లో వాన లేని శనివారం దొరకడమే అరుదు, ఇంట్లో ఎందుకని బస్సెక్కి ఈమ్ వెళ్ళాను. ఊరి పేరు ఇంగ్లీషు అక్షరాలను బట్టి చదివి చాలాకాలం 'ఇయామ్' అంటూ తిరిగాను. ఈ దేశంలో మర్యాద ఎక్కువ, ఎవరూ దిద్దలేదు.

మ్యూజియం పాత మెథడిస్టు ప్రార్థనా మందిరంలో ఉంది. గాలి ఎటు వీస్తోందో చూపడానికి కప్పు మీద కోడిపుంజు ఉండాల్సిన చోట ఎలుకను పెట్టారు! ప్లేగుతో వందల మందిని పోగొట్టుకున్న ఊరి హాస్యం అది. టికెట్ ఇచ్చిన పెద్దాయన జీతం లేకుండా పనిచేసే ఊరివాడే. బాకీ తీర్చేవాడిలా చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాడు. క్లారెన్స్ డేనియల్ అనే స్థానిక చరిత్రకారుడు ఇంట్లో పోగుచేసుకున్న వస్తువులే ఈ సేకరణకు మొదలట. 1994లో తలుపులు తెరిచారు. సీసం గనులు, చెప్పుల తయారీ గురించి కూడా ఉంది కానీ, నేను అక్కడ ఎక్కువసేపు నిలబడలేదు.

1665లో లండన్ నుంచి దర్జీ ఇంటికి బట్టల మూట వచ్చింది. తడిగా ఉందని జార్జ్ వికార్స్ అనే పనివాడు పొయ్యి దగ్గర ఆరేశాడని చెబుతారు. బట్టలో ఉన్న, ప్లేగును మోసే చిన్న గెంతు పురుగులు, అంటే ఇంగ్లీషులో ఫ్లీలు, ఊపిరి పోసుకున్నాయి. సెప్టెంబరు మొదటి వారంలోనే అతను పోయాడు. పొద్దున నేను ఆరేసి వచ్చిన చొక్కాలు గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది.

మరుసటి ఏడాది వేసవిలో మతగురువు విలియం మాంపెసన్, అంతకుముందు గురువుగా ఉన్న థామస్ స్టాన్లీ కలిసి ఊరివాళ్ళను ఒప్పించారు: ఎవరూ ఎల్లలు దాటకూడదు. చర్చి మూసి ఆరుబయట ప్రార్థన, ఎవరి శవాన్ని వాళ్ళే పూడ్చుకోవడం. 1666 నవంబరుకు ఆగేసరికి దాదాపు 260 మంది. మొత్తం జనం 350 అని పాత మాట. అంతకు రెట్టింపు ఉండవచ్చని తర్వాతి లెక్కలు. ఏది నిజమైనా, పోయినవాళ్ళ పేర్లు మాత్రం ఇంటివారీగా ఉన్నాయి.

మా నాయనమ్మది అనంతపురం వైపు. వాళ్ళ అమ్మ కాలంలో ఎలుకలు రాలాయంటే ఊరు ఊరంతా పొలాల్లో పాకలు వేసుకునేదట. మనవాళ్ళు ఊరు వదిలి బతికారు, వీళ్ళు వదలక చచ్చారు. ఉండిపోవడం వల్లే ఊళ్ళో చావులు పెరిగాయేమోనని ఇక్కడివాళ్ళే వాదించుకుంటారు. మాంపెసన్ భార్య కేథరీన్ కూడా ఆ ఆగస్టులోనే పోయింది. అతను పిల్లల్ని మాత్రం ముందే బయటికి పంపేశాడు. అది చదివినప్పుడు అతని మీద కొంచెం కోపం వచ్చింది. తరువాత మా చెల్లెలి పిల్లలు గుర్తొచ్చి ఆ కోపం నిలవలేదు.

పొలం గట్టున నడిచి సరిహద్దు రాయి దాకా వెళ్ళాను. నాచు పట్టిన బండ, పైన ఆరు గుంటలు. రోగం అంటకుండా వెనిగర్‌లో నాణేలు వేసి ఇక్కడ పెడితే పక్క ఊరివాళ్ళు తిండి వదిలి వెళ్ళేవారు. నిన్నటి వాననీటిలో ఎవరో వేసిన రాగి నాణెం ఉంది. వేలు పెట్టి చూశాను, రెండో కణుపు దాకా కూడా మునగలేదు.

రైలీ గోరీలకు వెళ్ళేసరికి పొద్దు వాలింది. ఎలిజబెత్ హ్యాన్‌కాక్ ఎనిమిది రోజుల్లో భర్తనూ ఆరుగురు పిల్లలనూ తానే ఈడ్చుకొచ్చి పూడ్చిన చోటు. చుట్టూ రాతిగోడ, గొర్రెలు. మిగిలిన ఒక్క కొడుకు షెఫీల్డ్‌లో పని నేర్చుకుంటూ ఉన్నాడట, ఆవిడ తరువాత అతని దగ్గరికే వెళ్ళింది.

బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యం. షెఫీల్డ్ చేరేసరికి చీకటి పడి, చినుకులు మొదలై, బట్టలన్నీ తడిసిపోయి ఉన్నాయి. లోపలికి తెచ్చి హీటర్ మీద వేయబోయి, కుర్చీల మీద పరిచాను.